బహుమతి రాని బొమ్మ

ఛాయాచిత్రముల పోటీలో గెలిచిన బొమ్మను పదిమంది చూతురు. ఓడిన బొమ్మను పంపినవాడు సైతము మరల చూడడు. మా అభిప్రాయమున శ్రద్ధగా చూడవలసినది ఈ రెండవదానినే. సోలాపురపు తూర్పు పేటలలోని పద్మశాలి వాడలో మేము తీసి, ఒక పోటీకి పంపగా ఎంపిక కాక మిగిలిన బొమ్మ నొకదానిని ఇచట విమర్శకు పెట్టుచున్నాము. తప్పులు మావి గావున నిర్మొగమాటముగా చెప్పవచ్చును.

బొమ్మ యిది. పైకప్పు సందునుండి పడిన ఎండలో ఒక వృద్ధుడైన నేతగాడు మరమగ్గముపై చేయి ఉంచి నిలిచియున్నాడు. ముఖమున ముడతలు, గాలిలో దూది నుసి, చుట్టును చీకటి. క్రింద మేము వ్రాసిన పేరు, 'చద్దరు నేయుచున్న కళాకారుడు'. తెలంగాణ జిల్లాలనుండి తరముల క్రిందట వలసవచ్చిన కుటుంబముల కష్టసుఖములన్నియు ఇందు ఇమిడినవని మురిసితిమి.

మొదటి తప్పు వెలుగును ఎరుగకపోవుట. మగ్గపు కొట్టములలోని పాతరకపు ట్యూబులైటు సెకనుకు 100 మారులు మినుకుమనును. అది కంటికి తెలియదు, కెమెరాకు తెలియును. పరుగెత్తు నాడెను నిలిపి చూపగోరి సెకనులో 1000వ వంతు వేగమున తీయగా బొమ్మనిండ చారలు పడెను. 100వ వంతునకు తగ్గింపగా చారలు పోయినవి గాని నాడె చెదరినది. ఆ చెదరుటయే మగ్గము ఆడుచున్నదనుటకు గుర్తని గ్రహింపలేక, మగ్గమును ఆపుమని ఆయనను వేడితిమి.

ఇది రెండవ తప్పు, మొదటిదానికంటె పెద్దది. ఆయనకు కూలి నేసిన సరుకును బట్టి వచ్చును. అరగంటసేపు మగ్గ మాగిన, ఆ నష్టము ఆయనదే, బొమ్మ మాది. పైగా ఆగిన మగ్గమువద్ద ఊరక ఉంచిన చేతిని చూపి 'నేయుచున్న' అని వ్రాసితిమి.

మూడవ తప్పు ఫలితములు వెలువడిన పిదప బయటపడినది. ప్రతి నొకదానిని ఆయనకు ఇచ్చితిమి. ఆయన చూచి నవ్వి, "ఇది చద్దరు మగ్గం గాదు బిడ్డా, తువ్వాల మగ్గం. రెండు బీములు కనవడ్తలెవ్వా?" అనెను. కుచ్చు తువ్వాలునకు పడుగులు రెండు. ఒక బీముపైని పడుగు బిగువుగా నుండి బట్టకు ఆధారమగును. రెండవది వదులుగా నడచి నూలు ఉంగరములుగా పైకి లేచును. సోలాపురపు చద్దరునకును తువ్వాలునకును 2005-06లో వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ భేదమును మేము ఒక్క మాటతో చెరిపివేసితిమి.

న్యాయనిర్ణేతలకు ఈ తప్పు తెలిసియుండకపోవచ్చును. బహుమతియే వచ్చియుండిన మాకును తెలియకపోయెడిది!

బొమ్మక్రింది మాట చిన్నవిషయము కాదు. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ, బెల్జియములోని షార్లెరువా నగరమునుగూర్చిన చిత్రమాలకు ఇచ్చిన బహుమతిని వెనుకకు తీసికొన్నది. అందలి ఒక చిత్రము ఆ నగరమున తీసినది కాదని తేలుటయే కారణము. ఇందుకు భిన్నముగా, 1908 మొదలు అమెరికా నూలు మిల్లులలోని బాలకార్మికులను చిత్రించిన లూయిస్ హైన్, పిల్లల పేర్లు, వయస్సులు అడిగి వ్రాసికొనెను. తన కోటు గుండీలతో వారి ఎత్తును కొలిచెను. ఆ చిత్రములు సాక్ష్యములుగా నిలుచుటకు ఆ శ్రద్ధ తోడ్పడినది.

మరల అదే కొట్టమునకు పోయితిమి. ఈసారి మగ్గము నాపలేదు. నాడె చెదరిన చెదరనిమ్మంటిమి. బొమ్మకు పేరు ఆయననే అడిగి వ్రాసితిమి. ప్రతిని చేతికీయగా ఆయన తన ముఖమును చూచుకొనలేదు. బట్టనే పరీక్షించి, ఒకచోట పడుగుపోగు తెగినదని వ్రేలితో చూపెను. మా బొమ్మలో ఆయన పని ఆయనకు కనబడినది.

పోటీలకు బొమ్మలు పంపు మన యువకులకు మనవి యొక్కటే. న్యాయనిర్ణేతకు పంపుటకు ముందు, బొమ్మలోని మనిషికి చూపుడు.