డిగ్రీ తర్వాత ఏం చేశారు?

2008లో సౌదీ కార్మిక మంత్రి గాజీ అల్ గుసైబీ జెద్దాలోని ఒక బర్గర్ రెస్టారెంట్లో యూనిఫాం తొడుక్కుని మూడు గంటల పాటు పనిచేశారు. వచ్చినవాళ్లకు తనే వడ్డించారు. ఇలాంటి ఉద్యోగం నామోషీ కాదని తమ దేశపు కుర్రాళ్లకు చూపించాలని ఆయన తపన. కైరోలో లా, సదరన్ కాలిఫోర్నియాలో ఎమ్మే, 1970లో లండన్‌లో పీహెచ్‌డీ. రియాద్‌లో అధ్యాపకుడు, పరిశ్రమలు, ఆరోగ్యం వంటి శాఖలకు మంత్రి, బ్రిటన్‌లో రాయబారి, కవి, నవలాకారుడు. 2010 ఆగస్టు 15న కన్నుమూశారు. ఆ డిగ్రీలూ పదవులూ వరసపెట్టి రాస్తే అర పేజీ నిండుతుంది. చదివినవాడికి గుర్తుండేది మాత్రం ఆ యూనిఫామే.

చదువుకున్న మనిషి పోయాక ఆయన బతుకును రాసిపెట్టడం అరబ్బులకు కొత్త విద్య కాదు. ఎవరి దగ్గర చదివాడు, ఏ ఊళ్లు తిరిగాడు, ఎవరికి చెప్పాడు, ఏం రాశాడు, ఎప్పుడు పోయాడు అన్నవి ఆ రచనకు ఆయువుపట్టు. 13వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ ఎనిమిది వందలకు పైగా జీవితాలు రాశారు. చనిపోయిన తేదీ తేలితేనే మనిషిని పుస్తకంలోకి రానివ్వాలన్నది ఆయన పెట్టుకున్న షరతు. మక్కాలో తఖీయుద్దీన్ అల్ ఫాసీ తన ఊరి ప్రముఖుల కోసం అలాంటి ఉద్గ్రంథమే కూర్చారు. 20వ శతాబ్దిలో సౌదీ రాయబారిగా మొరాకోలో పనిచేసిన ఖైరుద్దీన్ జిరిక్లీ తన ‘అల్ ఆలామ్’ జీవిత నిఘంటువులో బతికున్నవాళ్లను చేర్చుకోలేదు. సొగసులకన్నా ముందు కచ్చితత్వం చూసుకున్నారు వీళ్లంతా.

ఈ సంగతిలో మన హైదరాబాద్‌కు పెద్ద వాటానే ఉంది. 1888లో మొదలై, ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ ఎన్నో పాత అరబ్బీ జీవిత నిఘంటువులను మొదటిసారి అచ్చులోకి తెచ్చింది. యెమెన్ నుంచి వచ్చిన అబ్దుర్రహ్మాన్ అల్ ముఅల్లిమీ అక్కడ రెండు దశాబ్దాలకు పైగా రాతప్రతులు సరిచూశారు. 1950ల మొదట్లో మక్కా వెళ్లి, పెద్ద మసీదు (హరమ్) గ్రంథాలయం బాధ్యత చూస్తూ, హైదరాబాద్‌లో అచ్చయ్యే పుస్తకాల పని అక్కడి నుంచే కొనసాగించారు. 1966లో మక్కాలోనే పోయారు.

ఆయన పరిష్కరించిన వాటిలో ఇబ్న్ మాకూలా రాసిన ‘అల్ ఇక్మాల్’ ఒకటి. ఒకేలా కనిపించే పేర్ల గురించే ఆ పుస్తకమంతా. అరబ్బీలో ఒకే అక్షర రూపం కింద ఒక చుక్క పెడితే హిబ్బాన్, రెండు పెడితే హయ్యాన్. లేఖకుడు చుక్క మరిచాడా, ఒకరి చదువు ఇంకొకరి ఖాతాలో పడిపోతుంది. ఎప్పుడో వందల ఏళ్ల కింద పోయిన, ముక్కూమొహం తెలియని మనిషి పేరు తప్పు పడకూడదని ఒక పండితుడు ప్రతి పక్కన ప్రతి పెట్టుకుని కళ్లు నొప్పెట్టేదాకా సరిచూశాడంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. చనిపోయినవాళ్ల పట్ల ఇంతకు మించిన మర్యాద ఏముంటుంది?

ఇప్పుడు అదే సౌదీలో మనవాళ్ల సంగతి చూడండి. జుబైల్, యాన్బూ పారిశ్రామిక నగరాల కోసం 1975లో సౌదీ రాయల్ కమిషన్ ఏర్పడింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో తెలుగు నేల మీద చదివిన ఇంజినీర్లు, డాక్టర్లు, అకౌంటెంట్లు రియాద్, దమ్మామ్, జెద్దాల్లో ఏళ్లకేళ్లు పనిచేశారు. వాళ్లలో ఒకరు పోతే బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో, పేరు, జనాజా నమాజు ఎప్పుడో, లేదంటే భౌతికకాయం ఊరికి ఎప్పుడు వస్తుందో. కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరతాయి. మర్నాటికి గ్రూపు ఇంకో మాటలో పడుతుంది. ఏ ప్లాంటులో ఏ యూనిట్ నిలబెట్టాడు, ఎవరికి పని నేర్పాడు, కాలేజీలో ఎవరి పాఠం ఆయన్ను ఆ దారి పట్టించింది అన్నవి ఎవరూ రాయరు. ‘మంచివాడు, అందరికీ సాయపడేవాడు’ అన్న మాట నిజమే కావచ్చు కానీ, అది ఎవరికైనా అతికే మాట. ఎవరికి, ఎప్పుడు, ఏ సాయం చేశాడో ఒక్కటి రాస్తే చాలు.

స్త్రీల విషయంలో మరీ అన్యాయం. మదీనాలో 1497లో కన్నుమూసిన సఖావీ అనే అరబ్బీ రచయిత, తన శతాబ్దపు మనుషుల మీద రాసిన పన్నెండు సంపుటాల్లో చివరిదాన్ని మొత్తం స్త్రీలకే ఇచ్చారు. వెయ్యికి పైగా స్త్రీలు అందులో ఉన్నారు. సౌదీ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన మన నర్సులకూ డాక్టరమ్మలకూ ఊళ్లో మిగిలే గుర్తింపు ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’. ఏ కాలేజీలో శిక్షణ పొందారు, ఏ వార్డు చూశారు, అరబ్బీలో రోగితో మాట్లాడటం ఎన్నాళ్లకు పట్టుబడింది అన్నవి ఇంట్లో పిల్లలకే తెలియకపోవచ్చు. వాళ్లతో కలిసి నైట్ డ్యూటీలు చేసినవాళ్లు కొందరు ఇప్పుడు రిటైరై ఇళ్లలోనే ఉన్నారు. ఆ జీవితాలు రాయాలంటే ముందు వెళ్లి కూర్చోవాల్సింది వాళ్ల దగ్గర.