శైలి పుట్టింది ఇంట్లో

కాశీకో గయకో వెళ్లినవాళ్లకి తెలుసు. బండి దిగీ దిగకముందే పండా, అంటే తీర్థపురోహితుడు, ఎదురొచ్చి ఊరూ ఇంటిపేరూ ఆరా తీస్తాడు. చెబితే, ఎప్పుడో వచ్చివెళ్లిన తాతముత్తాతల పేర్లు చిట్టాలోంచి చదివి వినిపిస్తాడు. హరిద్వార్ పండాల దగ్గరా అలాంటి చిట్టాలే ఉన్నాయి. వాటిని బహీలంటారు. మన కళాచరిత్రలో ఒక పెద్ద చిక్కుముడి వాటితోనే విడింది. విప్పినవారు కళాచరిత్రకారుడు బి.ఎన్. గోస్వామి.

1933లో సర్గోధాలో పుట్టిన గోస్వామి 1956లో ఐఏఎస్‌లో చేరారు. రెండేళ్లకే దాన్ని వదిలేసి చదువుల దారి పట్టారు. ఆయనకు పట్టుబడిన విషయం పహాడీ సూక్ష్మచిత్రాలు, అంటే హిమాలయ కొండ రాజ్యాల్లో గీసిన చిన్న చిత్రాలు. అప్పటిదాకా పండితులు వాటిని రాజ్యాలవారీగా పంచేవారు: ఇది బసోహ్లి, అది కాంగ్డా అని. రాజు పోషించాడు సరే, గీసిందెవరు? చిత్రకారులూ అస్థికలు కలపడానికి హరిద్వార్ వెళ్లేవాళ్లే, తండ్రితాతల పేర్లు రాయించేవాళ్లే. ఆ పేజీలు తిరగేసి గులేర్ చిత్రకారుడు పండిత్ సేవూ, ఆయన కొడుకులు మానకు, నైన్‌సుఖ్‌ల వంశాన్ని గోస్వామి వెలికితీశారు. నైన్‌సుఖ్ 1763లో తన పద్దు పక్కన బొమ్మ కూడా గీశాడు! శైలికి మూలం రాజ్యం కాదు, కుటుంబమని 1968లో 'మార్గ్' పత్రికలో గోస్వామి వాదించారు. కొడుకు పక్క కొండ కొలువుకు వెళితే ఇంట్లో అబ్బిన చెయ్యీ వెంట వెళ్తుంది మరి.

ఆ చెయ్యి నేర్చేవి చిన్న పనులేం కావు. కాగితాలను పొరలుగా అతికించి వస్లీ అట్ట చేయాలి. పల్చటి గీతలతో బొమ్మ వేసుకుని దానిమీద తెల్లపూత పూయాలి. పూతలోంచి లీలగా కనిపించే గీతను మళ్లీ దిద్దాలి. నూరిన రంగుల్లో తుమ్మబంక కలిపి, ఉడుత వెంట్రుకల కుంచెతో పూతమీద పూత వేయాలి. మధ్యమధ్య చిత్రాన్ని బోర్లించి వెనకనుంచి నున్నటి రాయితో రుద్దాలి. రంగుకి ఆ నిగారింపు వచ్చేది ఈ రుద్దుడు వల్లే. బసోహ్లి నాయికల నగల్లో మెరిసే పచ్చలైతే రంగే కాదు, అతికించిన పురుగు రెక్కల తునకలు.

ఇంత పరిశోధన చేసినవాళ్లు సాధారణంగా తోటి పండితుల కోసమే రాస్తారు. గోస్వామి మాత్రం 'ట్రిబ్యూన్' దినపత్రికలో ఏళ్ల తరబడి మామూలు పాఠకుల కోసం రాశారు. 2014లో నూటొక్క చిత్రాలను ఒక్కొక్కటిగా దగ్గరుండి చూపించే పుస్తకం తెచ్చారు. ఒకే చిత్రంలో కృష్ణుడు మూడుచోట్ల కనిపిస్తే అది పొరపాటు కాదు, అక్కడ కథ నడుస్తోంది. ఇలాంటి కిటుకు ఒకటి తెలిస్తే మ్యూజియంలో మన నడక నెమ్మదిస్తుంది. నా లెక్కలో బహీల పరిశోధన ఎంత గొప్పదో, మామూలు పాఠకులకు ఇలా చూడటం నేర్పడమూ అంతే గొప్పది.

2023 నవంబరులో ఆయన కన్నుమూశారు. ఆ ఏడాదే వచ్చిన ఆయన పుస్తకం మన చిత్రాల్లో, సామెతల్లో తిరిగే పిల్లుల గురించి!