నూరిన రాయి, పోసిన కంచు

రాయి పోయి కంచు, కంచు పోయి ఇనుము. బడిలో ఈ మెట్లవరస నేర్చుకున్నవాళ్ళను రాయలసీమలోని తలుపుల, కదిరి, పెనుకొండ నేల కాస్త తికమక పెడుతుంది. ఇక్కడ నడిమెట్టు దాదాపు లేదు. దక్షిణాది నవీన శిలాయుగపు ఊళ్ళలో రాగి, కంచు వస్తువులు అరుదు. రాతి గొడ్డళ్ళు కుప్పలు. ఇది వెనకబాటు అని తీర్పు చెప్పేముందు రెండు గొడ్డళ్ళ తయారీనీ పక్కపక్కన పెట్టి చూడాలి.

రాతి గొడ్డలికి గొప్ప కార్ఖానా బళ్ళారి పక్కనున్న సంగనకల్లు. అక్కడి హిరేగుడ్డ మీద డోలరైట్‌ను పెచ్చులు లేపి రూపం తెచ్చేవారు. చిన్న చిన్న పోట్లతో ఎగుడుదిగుళ్ళు తీసి, చివరకు బండమీద నూరేవారు. ఆ నూరుడు గాళ్ళు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. అలాంటి నల్లరాయే అనంతపురం, పెనుకొండ గ్రానైట్ నేలను చీల్చుకుని గోడల్లా సాగుతుంది. ముడిసరుకు కాలికి తగులుతుందన్నమాట.

కంచుకు ముందుగా రాగి కావాలి, ఆపైన తగరం. తగరం రాయలసీమలో లేదు. పాళ్ళు కూడా తిన్నగా ఉండాలి: పదింట ఒక వంతు తగరమైతే గొడ్డలి, అయిదింట ఒక వంతు దాటితే గంట. గుడిగంట కంచుతో గొడ్డలి పోస్తే మోగుతుందేమో గానీ దెబ్బకు పగులుతుంది. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తగరం కలిస్తే ఇంకా తక్కువ వేడికే. బొగ్గు, తిత్తులు, మూస, రెండు చెక్కల అచ్చు కావాలి. అచ్చులో చెమ్మ మిగిలితే ఆవిరి ఎగదన్ని కరిగిన లోహం చేసేవాడి ముఖాన చిందుతుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఉషేగావ్‌లో ఓజా పనివాళ్ళు చేసే డోక్రా మైనపు పోతలో మైనం కరిగిపోయి, మట్టి అచ్చు పగిలి, ఒక్క బొమ్మే వస్తుంది. గొడ్డలికి రాతి అచ్చు చేసుకుంటే మళ్ళీ మళ్ళీ పోయవచ్చు.

అయితే పోతతో గొడ్డలి అయిపోదు. అచ్చులోంచి వచ్చిన అంచు మెత్తన. దాన్ని చల్లగా ఉండగానే సుత్తితో కొట్టి గట్టిపరచాలి, పగలకుండా మధ్యమధ్య కాల్చాలి, ఆఖరుకు రాతిమీదే నూరాలి. నూరుడు తెలియనివాడికి కొలిమి ఎందుకూ కొరగాదు. ఆ పనితనం రాతి గొడ్డలివాడి దగ్గర ముందే ఉంది.

వాడకంలో కంచుదే పైచేయి, ఒప్పుకోవాలి. 1950ల్లో డెన్మార్క్ డ్రావెడ్ అడవిలో పాత చెకుముకిరాతి గొడ్డళ్ళతో చెట్లు నరికి చూశారు. భుజబలమంతా పెట్టి వేస్తే రాయి విరిగింది. పొట్టి, వడి దెబ్బలకు చెట్టు పడింది. విరిగిన రాయిని నూరి చిన్నది చేసుకోవాల్సిందే. విరిగిన కంచు తిరిగి మూసలోకి పోతుంది.

అంత లాభం ఉన్నా దూరపు తగరం కోసం ఇక్కడివాళ్ళు పెద్దగా ఎగబడలేదు. నల్లరాయితోనే అడవి నరికారు, పశువుల్ని పెంచారు. అనంతపురం జిల్లా పాల్వాయిలో పశువుల పేడ కాలి మిగిలిన బూడిదదిబ్బ ఆ బతుకు మిగిల్చిందే. క్రీ.పూ. 1000 ప్రాంతానికే కర్ణాటకలోని హల్లూరులో ఇనుము కనిపిస్తుంది. దాని ముడిరాయికి మాత్రం దక్షిణాదిలో కొదవలేదు.