పాటదారి మీద ఎవరి అడుగు?

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. నేను కాన్‌బెర్రా వెళ్ళలేదు. అక్కడ స్థిరపడిన నా పాత విద్యార్థి పంపిన వీడియోలలో ఈ ప్రదర్శన చూశాను. ఆ గుమ్మటం కింద నిలబడితే ఒళ్ళు ఎలా ఝల్లుమంటుందో చెప్పలేను. కాని అది ఎవరిది, ఎవరి కోసం అని అడగడానికి టిక్కెట్టు అక్కర్లేదు.

2017లో ఆస్ట్రేలియా నేషనల్ మ్యూజియం ఏడుగురు అక్కచెల్లెళ్ళ కథను వెలుగుతో, ధ్వనితో, చిత్రాలతో ప్రదర్శించింది. వాతి న్యిరు అనే మంత్రగాడు వాళ్ళమీద మోహంతో ఎడారులు దాటి తరుముతాడు. రూపాలు మార్చి మాటువేస్తాడు. చివరికి వాళ్ళు ఆకాశానికెగిసి చుక్కలవుతారు. మన పంచాంగంలో అవే కృత్తికలు, మన పల్లెల్లో పిల్లలకోడి. కేవ్ హిల్ గుహ కప్పుమీది పురాతన చిత్రాలు గుమ్మటంలో మన తలమీద కదులుతాయి. గడ్డితో అల్లిన అక్కచెల్లెళ్ళ బొమ్మలు మాత్రం నాకు ఆ వెలుగులన్నిటికన్నా నచ్చాయి. వాటిలో చేతులు కనిపిస్తాయి.

ఆదివాసీ కళను పాలకులు అలంకారంగా వాడుకోవడం కొత్త కాదు. ఇదీ అంతే అని తీసిపారెయ్యబోయాను. తొందరపడ్డాను. తెగిపోతున్న పాటల్ని తిరిగి కలపడానికి సాయం చెయ్యమని మ్యూజియాన్ని అడిగింది అనంగు పెద్దలే. ఏది చూపాలో, ఏది దాచాలో వాళ్ళే తేల్చారు. పాటదారి అంటే కాలక్షేపం కథ కాదు. నీళ్ళెక్కడున్నాయో, ఏ నేల ఎవరి బాధ్యతో చెప్పే చట్టం అది.

చిక్కు తరవాత వచ్చింది. ఈ ప్రదర్శననే కుదించి 'వాకింగ్ త్రూ ఎ సాంగ్‌లైన్' పేరుతో దేశదేశాలకు పంపారు. చూసేవాడు కూర్చోనక్కర్లేదు, వెలుగుల మధ్య నడుచుకుంటూ పోవాలి. ప్రేక్షకుడు భాగస్వామి అయ్యాడని సంబరపడేవాళ్ళున్నారు. దేనిలో భాగస్వామి? ఎడారిలో రోజుల తరబడి నడిచే దారి ఇక్కడ కాసేపట్లో అయిపోతుంది. దాహం లేదు, బాధ్యత లేదు.

1997లో పశ్చిమ ఆస్ట్రేలియాలో న్గురారా ప్రజలు తమ నేలను 8 మీటర్లు, 10 మీటర్ల గుడ్డమీద చిత్రించారు. భూమి హక్కును విచారించే ట్రిబ్యునల్ ముందు దాన్ని పరిచి, తమ తమ భాగాల మీద నిలబడి, తమ భాషలో సాక్ష్యం చెప్పారు. చిత్రమే దస్తావేజు. హక్కు 2007లో గాని దక్కలేదు. అక్కడా కళ మీద అడుగుపడింది, కాని ఆ అడుగు నేల గలవాడిది. శిల్పం గురించి మనం ఎన్ని చర్చలు చేసినా ఈ తేడా వెలుగు నాణ్యతలో దొరకదు.

ఆ కళను సగర్వంగా విదేశాలకు పంపే దేశమే 2023 అక్టోబరు 14న జనవాక్య సేకరణ జరిపింది. పార్లమెంటుకు సలహా చెప్పే గొంతును రాజ్యాంగంలో ఆదివాసులకు ఇవ్వాలా అన్నది ప్రశ్న. సుమారు 60 శాతం వోటర్లు వద్దన్నారు. గుమ్మటం కింద వాళ్ళ పాట వినడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది మరి!

నా విద్యార్థికి జవాబు రాశాను: వీడియోలు చాలు, ఆ గుడ్డమీద నిలబడ్డవాళ్ళ ఫొటో దొరికితే పంపు.