ముందు బూడిద ఎత్తాలి

రెండేళ్ల కిందట మా గృహకూటంలో సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, పాతికేళ్ల నాటి ఉజ్జీవ కూటాల్లో ఏడ్చి ప్రభువుకు లోబడిన రాత్రి గురించి చెప్పాను. నేను ఎప్పుడూ చెప్పేది అదే. కూర్చున్నాక పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది, “మరి ఈ వారం ఏం చేశాడయ్యా ప్రభువు?”

నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే మా నాయనమ్మ పొయ్యి గుర్తొచ్చింది. పొద్దున్నే నేను తొందరపడి గొట్టంతో ఊదబోతే ఆపేది. “ముందు బూడిద ఎత్తరా. లేకపోతే కళ్లల్లో పడుద్ది.” బూడిద తీస్తే అడుగున కణిక ఎర్రగా కనిపించేది. దానికి రెండు చిదుగులు చాలు.

లేవీయకాండంలోనూ ఇదే వరస. యాజకుడు బలిపీఠం మీది బూడిద ఎత్తి పక్కన పోయాలి. బట్టలు మార్చుకుని దాన్ని పాళెం బయటికి మోసుకుపోవాలి. ప్రతి ఉదయం కట్టెలు పేర్చాలి, నిప్పు ఆరనివ్వకూడదు. బూడిద చెడ్డదని కాదు. నిన్నటి బలి నిజంగా కాలింది కాబట్టే బూడిద మిగిలింది. నా సాక్ష్యం కూడా నిజమే. దాన్నే నిప్పనుకుని ఇన్నేళ్లూ చేతులు కాచుకున్నాను.

నా బూడిదలో ఇంకొకటి ఉంది. ఇంటి గోడ దగ్గర మాట పెరిగి అన్నయ్యతో నాలుగేళ్లుగా పలకరింపుల్లేవు. ప్రార్థనలో లోకమంతటి కోసం అడిగేవాణ్ణి గానీ ఆ పేరు మాత్రం దాటేసేవాణ్ణి. ఒక శనివారం వెళ్లాను. ఆయన టీ ఇచ్చాడు, గోడ మాట ఎత్తలేదు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోనూ లేదు. మర్నాటి నుంచి ఫోన్లో ప్రసంగాలు వినడం తగ్గించి, మార్కు సువార్త రోజుకు పది వచనాలు పైకి చదవడం మొదలుపెట్టాను. చాలా రోజులు ఏమీ అనిపించలేదు. అయినా చదివాను.

ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఒంగోలు ప్రార్థన కొండ కథ. 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున మిషనరీలైన జూవెట్ దంపతులు, మరి కొద్దిమంది ఆ కొండెక్కి ప్రార్థించారు. తెలుగు మిషన్ మూసేద్దామన్న మాట అమెరికాలో నడుస్తున్న కాలమది. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూటాల్లో మనం ఈ రెండు తేదీలే తలుచుకుంటాం. నా మనసు మాత్రం మధ్యలోని 24 ఏళ్ల మీదికి పోతుంది. అందులో కరువు ఏళ్లున్నాయి. మిషనరీ జాన్ క్లౌ ఆకలిగొన్న జనానికి బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కూలి చూపించాడు. కూటి కోసం ఎవరూ చేరకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. మంట పైకి కనిపించని ఆ నెలల్లో ఆయన రోజూ చేసింది మట్టి పని, లెక్కలు, కూలి పంపకం. కట్టెలు పేర్చడమంటే నాకు ఇప్పుడు అదే.

పోయిన నెల గృహకూటంలో పెద్దావిడ నావైపు చూసింది. లేచి చెప్పాను, తన కొడుకు బాప్తిస్మానికి రమ్మని అన్నయ్యే ఫోన్ చేశాడని.