లేపి నిలబెట్టే పని

సంగం నుంచి నెల్లూరు ఆసుపత్రికి వచ్చే తాతల్లో చాలామంది పెన్నా నీళ్లతో వరి పండించినవాళ్లు. "కదలొద్దు, పడుకో" అంటారు ఇంటివాళ్లు, ప్రేమకొద్దీ. కాళ్లను తినేసేది ఆ ప్రేమే. 2007లో వెలువడిన అమెరికా పరిశోధనలో, జబ్బేమీ లేని వృద్ధులు 10 రోజులు మంచానికే పరిమితమైతే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగింది. ఇక జ్వరమో ఆపరేషనో తోడైతే!

అందుకే ఫిజియోథెరపిస్టులంటే నాకు గౌరవం. "తాతా, కాళ్లు కిందికి దించండి" అని మంచం అంచున కూర్చోబెడతారు. కళ్లు తిరగడం లేదని చూసుకుని, సెలైన్ స్టాండు సర్ది, పక్కనే ఉండి లేపుతారు. తిట్లూ తింటారు. బాత్రూముదాకా నడకే ఆ పూట వ్యాయామం. నడిచొచ్చాక ఉత్త గంజి చాలదు. డాక్టరు వద్దనకపోతే గుడ్డో, చేప ముక్కో పెట్టమని ఇంటివాళ్లకు చెప్పేదీ వీళ్లే.