మార్గరేటు కథయు జర్మనుల శిక్షాస్మృతియు

గేటే మహాకవి ఫౌస్టు నాటక ప్రథమభాగము 1808వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడినది. దానిని విమర్శించువారు తఱచుగా ఫౌస్టుని యాత్మకథనే విచారించి, మార్గరేటును బ్రాసంగికపాత్రముగా విడిచిపుచ్చుదురు. ఇది యుచితము గాదు. ఆ బాలిక కథకు వెనుక నొక శాసన మున్నది.

ఐదవ చార్లెసు చక్రవర్తి కాలమున 1532లో నేర్పడిన శిక్షాస్మృతియందు 131వ ప్రకరణము శిశుహత్యను గూర్చినది. ప్రాణముతోఁ బుట్టిన బిడ్డను రహస్యముగాఁ జంపిన స్త్రీని సజీవముగాఁ బూడ్చి శూలముచేఁ బొడుచుట యాచారమనియు, నీరు చేరువ నున్నచో ముంచి చంపవచ్చుననియు నందుఁ గలదు. గర్భమును దాఁచి యొంటరిగాఁ బ్రసవించినది, బిడ్డ చచ్చి పుట్టెనని చెప్పినను శంక దీఱనిచోఁ జిత్రహింసకు లోనగును. వైయాకరణులు స్వతంత్రకర్తయనియు హేతుకర్తయనియుఁ గర్తను రెండు తెఱఁగులఁ జెప్పుదురు గదా. ఈ ప్రకరణమునకుఁ గనఁబడినది స్వతంత్రకర్త యొక్కతియే.

గేటే చూపినది హేతువులను. నూతికడ దృశ్యమును జూడుఁడు. లీష్కెను చెడిన చెలికత్తెను గూర్చి సంతోషముతోఁ జెప్పును: అది పాపవస్త్రము ధరించి దేవాలయమునఁ బ్రాయశ్చిత్తము చేసికొనవలెనఁట, పెండ్లియైనను బాలురు దాని పూదండను ద్రెంపుదురు, కన్నియలు గుమ్మమునఁ దఱిగిన గడ్డి చల్లుదురు. మార్గరేటు తానును నొకనాఁ డితరుల నట్లే దూఱితినని తలపోయుచు నిల్లు చేరును. పిమ్మట సైనికుఁడైన యన్న వాలెంటీను, జనులు వినుచుండఁగాఁ జెల్లెలిని గులటయని నిందించి చచ్చును. న్యాయస్థానమునకు మున్నే యిల్లును వాడయుఁ దీర్పు చెప్పినవి.

వాగ్నరు 1776లో వెలువరించిన శిశుహంత్రీ నాటకమున నింటిపోరు మఱింత విపులము. మాంసవిక్రేతయగు తండ్రి కాఠిన్యమునకు వెఱచియే కూఁతు రిల్లు విడుచును. తన యితివృత్తమును వాగ్నరు హరించెనని గేటే యాత్మచరిత్రమున నారోపించెను. అది నిజమైనను, ఆ తండ్రి పాత్రము వాగ్నరుని సొత్తే. వంచించిన సేనాని పెండ్లాడఁదలఁచినను మిత్రుని దొంగలేఖ కథను జెఱచుట మాత్రము దోషము; సంఘము మోయవలసిన భార మొక దుర్జనునిపైఁ బడినది.

1772 జనవరి 14న ఫ్రాంకుఫర్టున సుసన్నా మార్గరేటా బ్రాంటు అను సత్రపు పరిచారిక యీ నేరమునకే ఖడ్గమునకు బలియయ్యెను. గేటే నాఁ డచ్చటి యువన్యాయవాది. ఆయన తొలిప్రతిలో మార్గరేటుకు దైవరక్షణము లేదు. ఆమె రక్షింపఁబడినదను పైనుండి వచ్చు వాక్కు 1808 ముద్రణమున వినవచ్చును. ఈ నడుమ 1783లో వైమారు ప్రభువు శిశుహత్యకు మరణదండన ముంచవలెనా మానవలెనా యని మంత్రుల నడిగెను. మంత్రియైన గేటే యుంచుటకే సమ్మతించెను. ఆ నవంబరు 28న యోహన్నా హ్యోను అను పరిచారిక శిర మచ్చట ఖండింపఁబడెను. కవిహృదయము వేఱు, మంత్రిబుద్ధి వేఱు అని సమాధానము చెప్పువారు, తొలిప్రతిలో లేని యా వాక్కు 1783కుఁ దరువాతి ముద్రణముననే కనఁబడుట యేల యనుదానికిఁ గూడ నుత్తర మీయవలసియున్నది.